రసాయన నామములు – బంధ ధ్రువత : ఒక పరిభాషా పరిశీలనము

సిద్దిపేట పరిసర గ్రామములలో మంచినీటిని గూర్చి మాటలు సాగునప్పుడు ‘ఫ్లోరిన్ నీళ్లు’ అను ప్రయోగము తరచుగ వినవచ్చును. బోరునీరు త్రాగి పండ్లు గారపట్టినవారు, కీళ్లు బిగిసినవారు తమ బాధకు కారణము ‘ఫ్లోరిన్’ అనియే చెప్పుదురు. ఒకనాడు మా తరగతిలో విజ్ఞానశాస్త్ర విద్యార్థి యొకడు లేచి, “సార్, ఫ్లోరిన్ అన్నా ఫ్లోరైడ్ అన్నా ఒక్కటే కదా?” అని యడిగెను. మేము భాషాధ్యాపకులము, రసాయనశాస్త్రజ్ఞులము కాము. అయినను ఆ రెండు పదములకు గల భేదము ఒక ప్రత్యయభేదము. ప్రత్యయము మారినచో అర్థము మారునని బోధించుట మా వృత్తి. కావున ఆ ప్రశ్నకు సమాధానము వెదకుట మా విధి యని తలచితిమి. ఆ వెదకులాటలో మాకు స్పష్టపడిన విషయమును ఈ వ్యాసమున నివేదించుచున్నాము. రసాయన నామము వట్టి గుర్తు కాదు. అది వ్యాకరణబద్ధమైన సమాసము. ఆ సమాసమందలి పదక్రమమే రెండు పరమాణువుల నడుమ బంధము ఏ వైపు మొగ్గుచున్నదో తెలుపుచున్నది.

1. వాడుకపేర్లు చెప్పునది, చెప్పనిది

మన భాషలో రసాయన ద్రవ్యములకు పేర్లు లేకపోలేదు. పచారి కొట్టులోను, కంసాలి కొలిమి వద్దను, వైద్యుని మందుపెట్టెలోను అవి శతాబ్దులుగ వాడుకలో నున్నవి. పటిక, సూరేకారము, నవసాగరము, అన్నభేది, మైలుతుత్తము, ఇంగిలీకము ఇట్టివి. 2016లో ఏర్పడిన సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల, నకాషీ పటచిత్రములకు ప్రసిద్ధి కెక్కిన ఊరు. ఆ చిత్రముల ఎరుపునకు వాడుకలో వినవచ్చు పేరు ఇంగిలీకము. నిఘంటువుల ప్రకారము ఇంగిలీకము పాదరస గంధకముల సమ్మేళనము. కాని ఆ పేరులో పాదరసమను మాట లేదు, గంధకమను మాట లేదు.

మైలుతుత్తమును సంస్కృతమున మయూరతుత్థ మందురు. అది నెమలికంఠపు రంగును బట్టి వచ్చిన పేరు. దానిలో రాగి యున్నదని పేరు చెప్పదు. సున్నము చూర్ణ శబ్దమునకు తద్భవము. అనగా పొడి యని మాత్రమే దాని మూలార్థము. అందువలననే బట్టీలో కాల్చినది సున్నమే, నీరు పోసి చల్లార్చినదియు సున్నమే, గోడకు పూసిన పిమ్మట గాలి తగిలి గట్టిపడినదియు సున్నమే. రసాయనశాస్త్రమున ఇవి మూడు వేరు పదార్థములు. మొదటిది కాల్షియం ఆక్సైడు, రెండవది కాల్షియం హైడ్రాక్సైడు, మూడవది కాల్షియం కార్బొనేటు. మొదటిది చేతిని కాల్చును. మూడవది సుద్దవలె నిరపాయము.

ఇట్టి పేర్లను మేము చులకన చేయుట లేదు. రంగును, రుచిని, పుట్టినచోటును, పనిని అవి చక్కగ చెప్పును. పదార్థమును చేతబట్టి గుర్తించువానికి అవి చాలును. కాని పదార్థమును విడదీసి చూచువానికి చాలవు. ఐరోపాలోను పూర్వము ఇదే స్థితి. 1787లో లవోయిజే, గిటన్ ద మోర్వో, బెర్తొలే, ఫూర్‌క్రోయి అను నలుగురు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు కలిసి నూతన నామకరణ పద్ధతిని ప్రకటించిరి. పదార్థము వేనితో నిర్మితమైనదో ఆ మూలకముల పేర్లే దాని పేరు కావలెనని వారి మతము. నేటి రసాయన నామకరణమున కంతకు అదియే పునాది.

2. తెలుగున జరిగిన ప్రయత్నములు

1906లో హైదరాబాదున స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి కొమర్రాజు లక్ష్మణరావుగారి కృషితో తెలుగున శాస్త్రగ్రంథముల ప్రచురణకు బాట వేసినది. 20వ శతాబ్ది పూర్వార్ధపు శాస్త్రరచనలలో ఉదజని, ఆమ్లజని, నత్రజని వంటి పదములు స్థిరపడినవి. కార్బన్ డయాక్సైడుకు ‘బొగ్గుపులుసు గాలి’ యను అచ్చతెలుగు పేరు వ్యాప్తి నందినది. పులుసు అనగా ఆమ్లము.

ఈ పదములు ఐరోపా పదములకు అనువాదములు. ఉదజని యనగా నీటిని పుట్టించునది, అది సత్యమే. ఆమ్లజని యనగా ఆమ్లమును పుట్టించునది. ఆమ్లము లన్నిటను ఈ వాయువు తప్పక యుండునని లవోయిజే నమ్మి పెట్టిన పేరది. ఉప్పునుండి తీయు ఆమ్లములో ఆక్సిజన్ లేదని 1810లో హంఫ్రీ డేవీ నిరూపించెను. అది హైడ్రోజన్ క్లోరిన్‌ల సమ్మేళనము మాత్రమే. మూలపదము గ్రీకుమాటల చాటున ఉండుటచే ఆ పొరపాటు ఐరోపా విద్యార్థిని బాధింపదు. మనము దానిని విశదముగ అనువదించుటచే పొరపాటు కూడ విశదమైనది. అనువాదము ఒక్కొక్కప్పుడు అచ్చటి తప్పును ఇచ్చట వెలుగులోనికి తెచ్చునని చెప్పుటకు ఇది మంచి నిదర్శనము.

‘బొగ్గుపులుసు గాలి’ యందు వేరొక చిక్కు గలదు. బొగ్గు సరిగా మండక మూసిన గదిలో పుట్టు ప్రాణాంతక వాయువు కార్బన్ మోనాక్సైడు. దానిలోను బొగ్గే, ఆక్సిజనే యున్నవి. వానిలోని సంఖ్యయే భేదము. ఆ సంఖ్యను చెప్పుటకు ‘బొగ్గుపులుసు గాలి’లో చోటు లేదు.

సిద్దిపేట అప్పుడు నిజాము రాజ్యమున నుండెను. 1917లో అనువాదశాఖయైన దారుల్ తర్జుమా ఏర్పడి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమమున ఆరంభమైనది. తత్ఫలితముగ ఈ ప్రాంతపు విద్యావంతులు రసాయనశాస్త్రమును ఉర్దూ పరిభాషలో నేర్చిరి. తెలుగు పరిభాష ఇతర చోట్ల పెరుగుచుండెను. పిమ్మట 1961లో కేంద్ర ప్రభుత్వము శాస్త్రీయ సాంకేతిక పరిభాషా సంఘమును, 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తెలుగు అకాడమీని స్థాపించినవి. మూలకముల, సమ్మేళనముల పేర్లను అంతర్జాతీయ రూపముననే గ్రహించి దేశభాషా లిపులలో వ్రాయవలెనన్నది పరిభాషా సంఘము అంగీకరించిన సూత్రములలో నొకటి. మూలకము పేరు అన్యదేశ్యము కావచ్చును. భావములను తెలుపు బంధము, సంయోజకత, ఋణవిద్యుదాత్మకత మొదలగునవి మన భాషలో నుండవచ్చును. ఈ విభజనము యుక్తమని మేమును భావించుచున్నాము. ఏలయన అన్యదేశ్యములైన ఆ పేర్లు తెలుగున అడుగిడగానే తెలుగు వ్యాకరణమునకు లోబడుచున్నవి.

3. సమాసముగ రసాయన నామము

సోడియం క్లోరైడు అను మాటను పరిశీలింతము. ఇది మన వంటింటి ఉప్పు. విగ్రహవాక్యము చెప్పినచో ‘సోడియముయొక్క క్లోరైడు’ అగును. రాజభటుడు వలెనే ఇది షష్ఠీ తత్పురుషము, ఉత్తరపదము ప్రధానము. రాజభటుడు భటుడే గాని రాజు కాడు. అట్లే సోడియం క్లోరైడు క్లోరైడు జాతికి చెందినది. పొటాషియం క్లోరైడు, కాల్షియం క్లోరైడు దాని సోదరములు.

ఉత్తరపదమున మూలకము పేరు యథాతథముగ నిలువదు. క్లోరిన్ అను ప్రకృతికి తుది భాగము లోపించి ‘ఐడు’ అను ప్రత్యయము చేరును. ఆక్సిజన్ ఆక్సైడుగను, నైట్రోజన్ నైట్రైడుగను, సల్ఫర్ సల్ఫైడుగను, కార్బన్ కార్బైడుగను, ఫ్లోరిన్ ఫ్లోరైడుగను మారుట ఇట్లే. రెండు మూలకములు మాత్రమే గల సమ్మేళనమునకు ఇది సామాన్య లక్షణము. హైడ్రాక్సైడు, సయనైడు అనునవి అపవాదములు. వానిలో ఐడు ప్రత్యయము పరమాణు సమూహమునకు చేరినది.

సంఖ్యను చెప్పు పద్ధతి రెండు విధములు. రెండును అలోహములైనచో సంఖ్యావాచకము ముందు చేరును. మోనో, డై, ట్రై, టెట్రా, పెంటా, హెక్సా అనునవి గ్రీకుమూలమున వచ్చిన 1 మొదలు 6 వరకు సంఖ్యలు. కార్బన్ డయాక్సైడు, డైనైట్రోజన్ పెంటాక్సైడు ఇందు కుదాహరణములు. సంఖ్య పూర్వమందుండు ద్విగువును ఎరిగిన విద్యార్థికి ఇది క్రొత్త కాదు. మోనో పైని ఆక్సైడు చేరగా మోనాక్సైడు అగుటలో పూర్వస్వరము లోపించినది. తెలుగు సంధులందు మనము నిత్యము చూచునది ఇదియే.

మొదటిది లోహమైనచో సంఖ్యావాచకము సామాన్యముగ అక్కరలేదు. కాల్షియం ఫ్లోరైడులో ఒక కాల్షియమునకు రెండు ఫ్లోరిన్ పరమాణువులున్నను దానిని డైఫ్లోరైడనరు. సంఖ్య సంయోజకతనుబట్టి తెలియును. కాని ఇనుము వంటి లోహములకు సంయోజకత స్థిరము కాదు. కావున ఫెర్రస్, ఫెర్రిక్ అను భేదము పూర్వము నుండి కలదు. 1919లో ఆల్ఫ్రెడ్ స్టాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు లోహనామము ప్రక్క కుండలీకరణమున రోమను అంకె వేయు సులభపద్ధతిని సూచించెను. మన అన్నభేది ఆ లెక్కన రెండు అంకె గల ఐరన్ సల్ఫేటు.

ఇచ్చట అక్షరదోషమును గూర్చి ఒక మాట. సల్ఫైడు, సల్ఫైటు, సల్ఫేటు అను మూడును వేరు పదార్థములు. మొదటిదానిలో గంధకముతో ఆక్సిజన్ లేదు. రెండవదానిలో మూడు, మూడవదానిలో నాలుగు ఆక్సిజన్ పరమాణువులు గలవు. నైట్రైడు, నైట్రైటు, నైట్రేటు అనునవియు నిట్లే భిన్నములు. తెలుగు లిపి ఈ భేదములను స్పష్టముగ చూపగలదు. వ్రాతలో ఒత్తు తప్పినచో దిద్దు ఉపాధ్యాయుడు ఈ గుణింతము తప్పినప్పుడును దిద్దవలెను.

4. పదక్రమమున ధ్రువత

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వత్తము. సోడియం క్లోరైడు అనవలెనా, క్లోరిన్ సోడైడు అనవలెనా? మొదటిదే యనుటకు కారణమేమి? ఎలక్ట్రానును తనవైపునకు తక్కువగ లాగు మూలకము పూర్వపదము. ఎక్కువగ లాగునది ఉత్తరపదము. ఆ లాగు శక్తికి ఋణవిద్యుదాత్మకత యని పేరు. 1932లో లైనస్ పౌలింగ్ దానిని అంకెలలో కొలుచు పద్ధతిని ప్రతిపాదించెను. నేటి పట్టికల ప్రకారము సోడియమునకు 0.93, కాల్షియమునకు 1.00, హైడ్రోజన్‌కు 2.20, కార్బన్‌కు 2.55, నైట్రోజన్‌కు 3.04, క్లోరిన్‌కు 3.16, ఆక్సిజన్‌కు 3.44, అన్నిటికంటె అధికముగ ఫ్లోరిన్‌కు 3.98.

ఎలక్ట్రానును పుచ్చుకొన్నది ఋణ అయాను, ఇచ్చినది ధన అయాను అగుట విద్యార్థికి తికమక కలిగించును. ఒకటి చేరినప్పుడు ధనము కావలెను గాని ఋణమేల? ఈ చిక్కును మన భాషయే విడదీయుచున్నది. పుచ్చుకొన్నవాడు ఋణి, ఇచ్చినవాడు ధనికుడు. క్లోరిన్ ఒక ఎలక్ట్రానును పుచ్చుకొని ఋణపడినది. సోడియము ఇచ్చి ధనికమైనది. ఎలక్ట్రాను 1897లో కనుగొనబడుటకు చాల ముందే విద్యుత్తునకు ధన ఋణ సంజ్ఞ లేర్పడినవి గనుక ఇది కేవలము కాకతాళీయము. అయినను జ్ఞాపకమునకు ఇంతకంటె మంచి ఆధారము లేదు. ధనము ముందు, ఋణము వెనుక: ఇదియే నామసూత్రము. లెక్కయు ఇట్లే సరిపోవును. కాల్షియము రెండిచ్చును, ఫ్లోరిన్ ఒక్కటే పుచ్చుకొనును. కావున ఇద్దరు ఋణస్థులు కావలెను. అల్యూమినియము మూడిచ్చును, ఆక్సిజన్ రెండు పుచ్చుకొనును. కావున రెండు అల్యూమినియములకు మూడు ఆక్సిజన్లు.

కాని అన్ని బంధములును దానములు కావు. హైడ్రోజన్ క్లోరైడులో భేదము 0.96 మాత్రమే. ఇచ్చట ఎలక్ట్రాన్ల జంట ఇద్దరి ఉమ్మడి. ఉమ్మడి బావికి ఇద్దరును హక్కుదారులే. కాని ఒకరి కాలువ పల్లమున నున్నచో నీరు అటే ఎక్కువ పారును. అట్లే ఉమ్మడి జంట క్లోరిన్ వైపు ఎక్కువ మొగ్గును. క్లోరిన్ కొన కొంచెము ఋణము, హైడ్రోజన్ కొన కొంచెము ధనము. ఇదియే ధ్రువ సమయోజనీయ బంధము. ఒకే మూలకపు రెండు పరమాణువులు కలిసినచో మొగ్గు లేదు, అది అధ్రువము. సోడియం క్లోరైడులో భేదము 2.23, అచ్చట ఉమ్మడి దాదాపు లేదు, అది అయానిక బంధము. ఈ మూడును మూడు వేరు గదులు కావు. ఒకే మెట్లవరుసలోని మెట్లు. సుమారు 1.7 దాటినచో అయానికమని చెప్పుట బోధనా సౌకర్యమునకే. హైడ్రోజన్ ఫ్లోరైడులో భేదము 1.78 అయినను అది ఉప్పువలె స్ఫటికము కాదు. 20 డిగ్రీలకు లోపలనే మరగు ద్రవము.

పదక్రమసూత్రమునకు చక్కని పరీక్ష ఆక్సిజన్ డైఫ్లోరైడు. ఎల్లప్పుడు ఉత్తరపదముగ నుండి ఆక్సైడు అనిపించుకొను ఆక్సిజన్, తనకంటె బలవత్తరమగు ఫ్లోరిన్ ఎదుట పూర్వపదమైనది. అచ్చట ఆక్సిజనే ధనకొన.

సూత్రమునకు హద్దులును గలవు. వానిని దాచుట బోధకునికి తగదు. మొదటిది: అమ్మోనియా, మీథేను అను పేర్లు రూఢములు, వాని సంకేతములలో హైడ్రోజన్ వెనుక వ్రాయబడును. అచ్చట క్రమమునుబట్టి ధ్రువతను ఊహింపరాదు. రెండవది: బంధధ్రువత వేరు, అణుధ్రువత వేరు. కార్బన్ డయాక్సైడులో ప్రతి బంధమును ధ్రువమే. కాని రెండు ఆక్సిజన్లు కార్బన్‌కు ఇరువైపుల సూటిగ నిలిచి ఒకదాని లాగును మరొకటి రద్దుచేయును. కావున అణువు అధ్రువము. నీటి అణువు సుమారు 104.5 డిగ్రీల కోణమున వంగియున్నది. ఆ వంపుచే లాగులు రద్దు కాక కలిసివచ్చును. దాని ద్విధ్రువ భ్రామకము 1.85 డిబై. మూడవది మిక్కిలి విచిత్రము: కార్బన్ మోనాక్సైడులో పేరును, అంకెలును ఆక్సిజన్ ఋణకొన యని చెప్పుచున్నవి, కాని కొలిచి చూచినచో అతిస్వల్పముగ కార్బన్ కొనయే ఋణము. వ్యాకరణము భాషను అనుసరించునే గాని శాసింపదనుట ఎట్టిదో, నామసూత్రమునకును ప్రకృతికిని గల సంబంధ మట్టిది.

5. ధ్రువ శబ్దము

ధ్రువము సంస్కృతమున స్థిరమైనది యను అర్థము గల పదము. కదలని నక్షత్రము ధ్రువుడైనది. ఆ నక్షత్రము సూచించు భూమి కొన ధ్రువమైనది. అయస్కాంతపు కొనలు ధ్రువములైనవి. తుదకు పరమాణుబంధపు కొనలును ధ్రువములైనవి. మరియొక త్రోవలో నిశ్చయార్థము నిలిచి ధ్రువీకరణ పత్రమైనది. కులధ్రువీకరణ పత్రముకై కార్యాలయముచుట్టు తిరిగిన విద్యార్థికి ధ్రువ బంధమనగా ‘గట్టి బంధము’ అని తోచుట సహజము. కొందరు ఉత్తరపత్రములలో అట్లే వ్రాయుట మే మెరుగుదుము. కావున ఈ పదమును మొదట వాడునాడే అర్థపరిణామమును రెండు వాక్యములలో చెప్పవలెను. దీనిని ‘ధృవ’ అని ఋత్వముతో వ్రాయుట సాధువు కాదు. ఇది రేఫోత్వములు గల ‘ధ్రువ’ శబ్దము.

6. మరల నీటివద్దకు

ఇంక ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానము. ఫ్లోరిన్ మూలకము. విడిగ అది లేతపసుపు వన్నె గల విషవాయువు. నీటిని తాకగానే దానితో చర్య జరుపును గాని నీటిలో ఫ్లోరిన్‌గ నిలువదు. ఫ్లోరైడు ఒక ఎలక్ట్రానును పుచ్చుకొని ఋణపడిన రూపము. తెలంగాణపు గ్రానైటు శిలలలోని ఖనిజములనుండి భూగర్భజలములోనికి దిగునది ఇదియే. ధ్రువమగు నీటి అణువులు తమ ధనకొనలను దానివైపు త్రిప్పి చుట్టుముట్టుటచే అది నీటిలో కరిగి యుండును. అందువలననే బట్టలో వడబోసినను పోదు. కాచినచో నీరు ఆవిరియై తగ్గును గాని ఫ్లోరైడు తగ్గదు. మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును. ఈ సంగతి తెలియనివారు కాచిన నీరు సురక్షితమని నమ్ముట కేవలము పదదోషము కాదు, ఆరోగ్యహాని.

పేరు తెలిసినచో ఉపాయమును తెలియును. కాల్షియం ఫ్లోరైడు నీటిలో స్వల్పముగనే కరగును. కావున కాల్షియము అధికముగ నున్న నీటిలో ఫ్లోరైడు ఎక్కువ నిలువజాలదు. నాగపూరులోని జాతీయ సంస్థ రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’లో పటికను, సున్నమును వేసి కలిపి, తేరిన అడుగుతో ఫ్లోరైడును తొలగింతురు. మొదట మేము చెప్పిన పచారి కొట్టు పేర్లు రెండును ఇచ్చట పనికివచ్చుట గమనింపదగినది. భారతీయ ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో లీటరునకు 1.0 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు అంగీకార్యము. వేరు నీటివసతి లేనిచోట 1.5 వరకు సహ్యము. నదీజలమును ఇంటింటికి చేర్చు మిషన్ భగీరథ పథకము 2016 ఆగస్టు 7న నేటి సిద్దిపేట జిల్లాలోని గజ్వేలు చెంత కోమటిబండ గ్రామమున ప్రారంభింపబడినది. ఆ పథకము చేపట్టుటకు గల కారణములలో ఫ్లోరైడు బాధ ముఖ్యమైనది.

‘ఫ్లోరిన్ నీళ్లు’ అను జనవ్యవహారమును మేము నిందింపము. బాధపడినవారి మాట అది. దానిని దిద్దుట మా ఉద్దేశము కాదు. కాని తరగతిలో, పాఠ్యగ్రంథమున, వార్తారచనమున ఈ భేదమును పాటించుట అవసరము. భాషాధ్యాపకుల కొక మనవి. సమాసములను బోధించునప్పుడు రాజభటుని ప్రక్కన సోడియం క్లోరైడును ఉదాహరింపుడు. ప్రకృతి ప్రత్యయములను చెప్పునప్పుడు ఫ్లోరిన్–ఫ్లోరైడులను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాయుడు. విజ్ఞానశాస్త్రాధ్యాపకులు ధన ఋణ శబ్దముల వ్యుత్పత్తిని ఒకమారు స్మరింపజేసినచో, పేరును చూచి బంధమును ఊహించుట విద్యార్థికి అలవడును. పరిశోధక విద్యార్థులకు వాడుకపేర్లను, శాస్త్రనామములను జతపరచి గ్రామగ్రామమున సేకరింపదగిన పని మిగిలియున్నది. ఇంగిలీకము, అన్నభేది అను మాటలను పలుకువారు ఉన్నంతలోనే ఆ పని జరుగవలెను.

ఆ విద్యార్థికి మేము తుదకు చెప్పిన మాట ఇది: “ఒకటి కాదు నాయనా. ఫ్లోరిన్ అప్పు చేయకముందటి పేరు. ఫ్లోరైడ్ అప్పు చేసిన తరువాతి పేరు. మన బావిలో నున్నది రెండవది.”